బాట చూచి ఊరు నెన్నుకొనువారు

మనుష్యుడు నివసించుటకు ఊరిని ఎట్లు ఎన్నుకొనవలెనో సుమతీ శతకకర్త ఒక్క పద్యములో తేల్చివేసెను. ఋణమిచ్చు ధనికుడు, మందిచ్చు వైద్యుడు, వేసవిలోను ఎండని నది, శుభాశుభములు జరిపించు ద్విజుడు – ఈ నాలుగును ఉన్న ఊర నుండవచ్చును. లేని ఊరు చొరరాదు. ఆ జాబితాలో కొండల సొగసునకు గాని, చెట్ల నీడకు గాని చోటు లేదు. కరవు వచ్చిననాడు అప్పు పుట్టుట ఆనాటి గృహస్థునకు ముఖ్యము. సంధ్యవేళ ఆకాశపు రంగులు అడుగకుండగనే దొరకెడివి. నేడు అప్పు చేతిలోని టెలిఫోనులోనే పుట్టుచున్నది, వైద్యుడు తెరమీదనే పలుకుచున్నాడు, నీరు గొట్టములో వచ్చుచున్నది. ఏ ఊర కూర్చుండియైనను ఉద్యోగము చేయగల వర్గము ఒకటి క్రొత్తగా ఏర్పడినది. ఇట్టివారు ఊరిని దేనిని చూచి ఎన్నుకొందురు? అమెరికాలోని ఒక చిన్న ప్రాంతము ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానము కొంత విచిత్రముగ నున్నది: సైకిలు బాటను చూచి.

2020 నవంబరులో, కోవిడ్ వ్యాధి ప్రపంచమును ఇండ్లలో బంధించియున్న రోజులలో, ఆర్కన్సా రాష్ట్రపు వాయవ్యభాగమునకు చెందిన అభివృద్ధి మండలి ఒక ప్రకటన చేసెను. తమ ప్రాంతమునకు కాపురము మార్చుకొని వచ్చు నిపుణులకు 10,000 డాలర్ల రొక్కమును, ఒక సైకిలును ఇత్తుమనుట ఆ ప్రకటన సారాంశము. వేలకొలది దరఖాస్తులు వచ్చిపడెను. కట్నముతో పాటు సైకిలు, చేతిగడియారము అడిగిన అల్లుళ్ల కాలము తెలుగునాట ఇంకను పెద్దవారికి జ్ఞాపకమున్నది. ఇక్కడ ఊరే అల్లుని వెదకుకొనుచు సైకిలు పట్టుకొని బయలుదేరినది. నవ్వు వచ్చు సంగతియే. కాని ఆ సైకిలు వెనుక పదునైదేండ్ల ఆలోచన, కోట్ల డాలర్ల పెట్టుబడి, ఒక ప్రాంతపు గృహసమస్య కలవు. నేడు అచట నివసించుచున్న తెలుగు కుటుంబములకును ఇది సంబంధించిన విషయమే.

ఆ ప్రాంతము ఓజార్క్ పీఠభూమి. అచటి కొండలు సుమారు 2,500 అడుగులకు మించవు. మన తూర్పు కనుమల కంటె పొట్టివి. సామ్ వాల్టన్ అను వర్తకుడు 1950లో బెంటన్‌విల్ అను చిన్న పట్టణపు కూడలిలో చిల్లర దుకాణము తెరచెను. 1962లో ప్రక్కనున్న రోజర్స్ పట్టణములో మొదటి వాల్‌మార్ట్ వెలసెను. ఆ సంస్థ ప్రపంచములోని మహావర్తక సంస్థలలో అగ్రస్థానము నందుకొన్న తరువాత కూడ దాని ప్రధాన కార్యాలయము బెంటన్‌విల్‌ను విడిచిపోలేదు. స్ప్రింగ్‌డేల్‌లో కోడిమాంసపు వ్యాపారమునకు పేరుగన్న టైసన్ సంస్థయు, లోవెల్‌లో జే.బి. హంట్ అను లారీ రవాణా సంస్థయు ఉన్నవి. ఇంతటి సంస్థలున్నను పెద్ద నగరమేదియు లేదు. న్యూయార్కులోనో కాలిఫోర్నియాలోనో చదువుకొన్న గణకయంత్ర నిపుణుని ఆర్కన్సా పల్లెలకు రమ్మనుట సులభము కాదు. జీతము పెంచిన వచ్చును, కాని నిలువడు. భార్యకు ఉద్యోగము, పిల్లలకు బడి, సాయంకాలమునకు కాలక్షేపము ఉండవలెను గదా!

వాల్టన్ కుటుంబము ఈ లోటును రెండు దారుల పూరింప దలచెను. ఒకటి కళ: 2011లో ఆలిస్ వాల్టన్ స్థాపించిన క్రిస్టల్ బ్రిడ్జెస్ చిత్రకళా ప్రదర్శనశాల అడవినడుమ ఊటల మీద వెలసెను, ప్రవేశమునకు రుసుము లేదు. రెండవది సైకిలు. సామ్ వాల్టన్ మనుమలైన టామ్, స్టూవర్టు సోదరులకు సైకిలు మక్కువ. 2007లో స్లాటర్ పెన్ అను చోట కొండ సైకిళ్లకు మొదటి కాలిబాటలు వేసిరి. 2015లో రేజర్‌బ్యాక్ గ్రీన్‌వే అను సుమారు 36 మైళ్ల, అనగా 58 కిలోమీటర్ల, చదునైన బాట పూర్తియయ్యెను. దానికి కేంద్ర ప్రభుత్వము కోటిన్నర డాలర్లు, వాల్టన్ కుటుంబపు ధర్మసంస్థ కోటిన్నర డాలర్లు సమకూర్చినవి. 2010లో సుమారు 35,000 ఉన్న బెంటన్‌విల్ జనాభా 2020 నాటికి 54,000 దాటెను. ఇది బాట వలన పెరిగిన జనమా, ఉద్యోగముల వలన పెరిగిన జనమా అని విడదీసి చెప్పుట కష్టము. కాని బాటయే ఊరికి ముఖచిత్రమైనదనుట నిస్సందేహము.

ఈ బాటపై ప్రయాణము ఎట్టిది? ఉత్తరమున బెల్లా విస్టా కడ బయలుదేరిన బాట వాగుల ఒడ్డున, చెట్ల గుబురులలో దిగి బెంటన్‌విల్ చేరును. అచటనుండి రోజర్స్, లోవెల్, స్ప్రింగ్‌డేల్ పట్టణముల మీదుగ దక్షిణమునకు సాగి, ఫేయెట్‌విల్ సరస్సు నొరసికొనుచు విశ్వవిద్యాలయపు పట్టణమైన ఫేయెట్‌విల్‌లో ప్రవేశించును. వసంతములో ఆకుల కంటె ముందుగ డాగ్‌వుడ్ చెట్లు తెల్లగను, రెడ్‌బడ్ చెట్లు గులాబి వన్నెతోను పూయును. అక్టోబరు చివర ఓక్, హికరీ వృక్షములు పసుపు, రాగి, ఎరుపు వన్నెలకు తిరుగును. పెద్ద రహదారుల క్రిందుగ సొరంగములలో బాట దూరిపోవును గనుక కార్ల హోరు ఒక్క క్షణము నెత్తిమీద వినిపించి మరల ఆగిపోవును. బెంటన్‌విల్ పడమటి వైపున కోలర్ అను అడవితోటలో ఒక కాఫీ దుకాణము కలదు. దానిని చేరుటకు కాలినడకయో సైకిలో తప్ప కారుదారి లేదు. కారు లేనిదే పాలసీసా కూడ తెచ్చుకొనలేని దేశములో కారు చేరలేని దుకాణము వెలయుట సామాన్యమైన సంగతి కాదు. వెనుకటి రైలుదారి కట్టపైననే బాట వేసిన భాగములును ఫేయెట్‌విల్‌లో ఉన్నవి. రైలు ఎత్తు మెల్లగ నెక్కును గనుక అట్టి బాట సైకిలుకు ఎంతయు అనుకూలము. తక్కినచోట్ల ఓజార్క్ స్వభావము బయటపడును: కన్ను చూచి మెచ్చుకొన్న మిట్టను మోకాలు మెచ్చుకొనదు.

ఇచ్చటనే విద్యుత్ సైకిలు ప్రవేశించినది. ఈ యంత్రము నేటిది కాదు. ఆగ్డెన్ బోల్టన్ అను అమెరికనుడు 1895లోనే దీనికి హక్కుపత్రము పొందెను. అయినను ప్రజోపయోగమునకు వచ్చుటకు నూరేండ్లు పట్టెను. 1993లో జపానులో యమహా సంస్థ త్రొక్కుటకు తోడుపడు విధానమును విపణిలో పెట్టెను. అనగా చేతితో మీట త్రిప్పగనే పరుగెత్తు బండి కాదు. కాలు పెడలుపై ఎంత బలము పెట్టుచున్నదో కొలిచి, మోటారు దానికి తగినంత బలమును చేర్చును. త్రొక్కుట మానిన తోడు కూడ మానును. కావున ఎక్కినవాడు శ్రమపడుచునే యుండును, కాని అలసిపోడు. సాధారణముగ 500 వాట్-గంటల బ్యాటరీ గల సైకిలు త్రోవను, బరువును, గాలిని బట్టి 40 మొదలు 80 కిలోమీటర్ల వరకు పోవును. రేజర్‌బ్యాక్ బాటను ఒక కొసనుండి మరియొక కొసకు చేరుటకు అది చాలును. తిరిగి వచ్చుటకు నడుమ ఎక్కడనో భోజనమునకు ఆగి, బ్యాటరీకి కూడ భోజనము పెట్టవలెను. బరువు 20, 25 కిలోల వరకు ఉండును గనుక మేడమెట్లు ఎక్కించుట తేలిక కాదు. అమెరికాలో పలు రాష్ట్రములు ఈ సైకిళ్లను మూడు తరగతులుగ విభజించినవి. ఆర్కన్సా 2017లో అట్టి చట్టము చేసెను. మొదటి రెండు తరగతులకు గంటకు 20 మైళ్ల, మూడవదానికి 28 మైళ్ల పరిమితి. నడకవారును పసిపిల్లలును తిరుగు బాటపై 28 మైళ్ల వేగము వినోదము కాదు, భయహేతువు.

ఇది కేవలము ఆటవస్తువు కాదనుటకు జర్మనీయే నిదర్శనము. 2023లో ఆ దేశమున అమ్ముడైన సుమారు 40 లక్షల సైకిళ్లలో 21 లక్షలు విద్యుత్ సైకిళ్లు. మామూలు సైకిలును మించిపోవుట ఆ దేశములో అదియే మొదలు. కొన్నవారందరు యువకులు కారు. మోకాళ్లు నొచ్చువారు, పిల్లలను వెనుక పెట్టెలో కూర్చుండబెట్టుకొని బడికి పోవు తల్లులు, చెమట పట్టకుండ కార్యాలయము చేరవలసినవారు ఎందరో వారిలో కలరు. విద్యుత్ సైకిలు చేసిన మేలు వేగము కాదు. దూరము, ఎత్తు, వయస్సు అను మూడు అడ్డంకులను అది కొంత వంచినది. 5 కిలోమీటర్లు త్రొక్కగలవాడు 12 కిలోమీటర్లు పోగలడు. అనగా కార్యాలయమునుండి 5 కిలోమీటర్ల వలయములో ఇల్లు వెదకుకొనవలసినవాడు 12 కిలోమీటర్ల వలయములో వెదకుకొనవచ్చును. విస్తీర్ణములో అది ఆరు రెట్లకు దగ్గర. ఊరిలో ఇల్లు ఎక్కడ తీసికొనవలెనను ప్రశ్నపై ఈ యంత్రపు నిజమైన ప్రభావము ఇదియే.

బెంటన్‌విల్ పెద్దలు ఈ సంగతిని గుర్తించినట్లే కనబడుచున్నారు. 2022లో అచట వెలసిన లెడ్జర్ అను ఆరంతస్తుల కార్యాలయ భవనమునకు బయటి గోడ వెంట వాలుదారి కట్టిరి. ఆరవ అంతస్తువరకు సైకిలు దిగకుండ పోవచ్చును. 2025 జనవరిలో వాల్‌మార్ట్ సుమారు 350 ఎకరములలో క్రొత్త ప్రధాన కార్యస్థానమును ప్రారంభించెను. రేజర్‌బ్యాక్ బాట ఆ ఆవరణము నడుమనుండియే పోవును. ఉద్యోగులలో నూటికి పదిమంది సైకిలుపై పనికి రావలెనని ఆ సంస్థ లక్ష్యముగ పెట్టుకొనెను. అమెరికా మొత్తముమీద పనికి సైకిలుపై పోవువారు నూటికి ఒక్కరు కూడ లేరను సంగతిని ఎరిగినవారికే ఈ లక్ష్యపు సాహసము బోధపడును.

అయితే ఆదివారపు సైకిలు వేరు, మంగళవారపు సైకిలు వేరు. ఆదివారము మబ్బు పట్టిన ఇల్లు కదలనక్కరలేదు. మంగళవారము ఎనిమిది గంటలకు సమావేశమున్న వాన వెలియువరకు ఆగుటకు వీలులేదు. ఆదివారము బాట ఎచటికి పోయినను సరియే. మంగళవారము బాట సరిగా బడి గుమ్మమునకు, కూరగాయల దుకాణమునకు, కార్యాలయపు తలుపునకు పోవలెను. ఆర్కన్సాలో జూలై ఎండ మన కోస్తా ఎండకు తీసిపోదు. ఒక ఊరికి విహారమునకై పోయి, రెండు దినములు అద్దె సైకిలుపై తిరిగి, శరదృతువులోని అడవిని చూచి మురిసి, ఇల్లు కొనుటకు బయానా ఇచ్చి వచ్చువారు ఆ ఊరి ఆదివారమును మాత్రమే కొనుచున్నారు. తక్కిన ఆరు దినములు దానితో పాటు వచ్చును. ఇల్లు చూడబోయినవారు ఆ ఇంటినుండి పిల్లల బడివరకు ఒక వానదినమున సైకిలుపై పోయి చూచుట మేలు. అందమైన బాటకు ఇంటికి నడుమ కాలిబాటయైన లేని నాలుగు వరుసల రహదారి ఒక్కటి అడ్డుపడిన చాలును, అంత ఖరీదైన సైకిలు వసారాలో దుమ్ము పట్టును.

అందమునకు వెల కలదు, ఆ వెల ఇంటి ధరలో చేరును. బెంటన్‌విల్ ఉన్న బెంటన్ కౌంటీలో ఇండ్ల సగటు ధర కొలది సంవత్సరములలోనే 4 లక్షల డాలర్లను దాటెను. బాట ప్రక్క స్థలమునకు గిరాకి మరియు ఎక్కువ. ఇది ఓజార్క్‌లో మాత్రమే జరిగిన వింత కాదు. అట్లాంటా నగరమును చుట్టివచ్చు పాత రైలుమార్గములను 22 మైళ్ల హరిత వలయముగ మార్చవలెనను ఆలోచనను 1999లో ర్యాన్ గ్రావెల్ అను విద్యార్థి తన పరిశోధన వ్యాసములో ప్రతిపాదించెను. నగరము దానిని స్వీకరించెను, బెల్ట్‌లైన్ అను పేర బాట పడెను, జనము మెచ్చుకొనిరి. బాట వెంబడి అద్దెలు పెరిగి, తరతరములుగ అచటనున్న పేదలు, అందును నల్లజాతివారు, నిలువలేకపోవుచుండిరి. తగిన ధరలకు ఇండ్లు కట్టుటలో శ్రద్ధ చాలలేదను కారణమున 2016లో గ్రావెల్ ఆ సంస్థ పాలకవర్గమునుండి తప్పుకొనెను. తాను కలగన్న బాట కట్టబడుచుండగనే దాని నిర్వాహకులనుండి తొలగవలసి వచ్చుట ఎంతటి ఘట్టమో ఆలోచింపదగును. బాట వేయువారు స్థలము ధర పెరుగకముందే పేదల ఇండ్లకు స్థలము నిలుపుకొనవలెను. ధర పెరిగిన పిదప కొని ఇచ్చుట ఏ పురపాలక సంఘమునకును సాధ్యము కాదు.

స్ప్రింగ్‌డేల్ మీదుగను రేజర్‌బ్యాక్ బాట పోవుననుట పైన చెప్పబడినది. ఆ పట్టణములో కోళ్ల కర్మాగారములలో పనిచేయువారు మెక్సికో మొదలగు దేశములనుండి వచ్చినవారు, పసిఫిక్ మహాసముద్రములోని మార్షల్ దీవులనుండి వచ్చినవారు. అమెరికా ప్రధాన భూభాగములో మార్షల్ దీవులవారు అంత అధికముగ ఉన్న ఊళ్లు మిక్కిలి అరుదు. రాత్రి పాళి ముగించుకొని వేకువను ఇల్లు చేరు కార్మికునకు ఆ బాటపై ఎంత హక్కు కలదు? చట్టప్రకారము పూర్తిగ కలదు. కాని మంచి విద్యుత్ సైకిలు రెండు వేల డాలర్లు. అతడు అద్దెకు తీసికొనగల ఇల్లు బాటకు ఎడముగ ఉండును. డెన్వర్ నగరము 2022లో విద్యుత్ సైకిళ్లు కొనువారికి సహాయపత్రములు ఇచ్చుట ప్రారంభించి, ఆదాయము తక్కువవారికి ఎక్కువ మొత్తము నిర్ణయించెను. అర్థవంతమైన పని. క్రొత్తగా వచ్చు నిపుణునకు సైకిలిచ్చుట ఒక విధానము, ఉన్న కూలివానికి సైకిలిచ్చుట మరియొక విధానము. రెండింటి ఖర్చు ఒకటే, రెండింటి ఊరు ఒకటి కాదు.

ఇక తెలుగువారి సంగతి. వాల్‌మార్ట్ గణకయంత్ర విభాగములలోను, దానికి సేవలందించు సంస్థలలోను భారతీయులు పెక్కురు కలరు; వారిలో తెలుగు కుటుంబములు తక్కువ కాదు. బెంటన్‌విల్‌లో హిందూ దేవాలయము వెలసినది. వీరిలో చాలమంది ఊరిని ఎన్నుకొనలేదు. ఉద్యోగము ఎన్నుకొనినది, ఊరు దానితో వచ్చినది. 2024 మే నెలలో ఆ సంస్థ డల్లాస్, అట్లాంటా, టొరాంటో కార్యాలయములలోని ఉద్యోగులను, ఇండ్లనుండి పనిచేయు వారిలో పెక్కుమందిని ప్రధాన కేంద్రములకు తరలిరావలసినదిగ కోరెను. వాటిలో ముఖ్యమైనది బెంటన్‌విల్. 2020లో ఎక్కడనుండియైనను పనిచేయవచ్చునను ఊహపై ఏ ప్రాంతము జనమును పిలిచినదో, ఆ ప్రాంతమునకే నాలుగేండ్లలో ఆజ్ఞపై జనము తరలిపోవలసివచ్చెను. ఊరు నెన్నుకొను స్వాతంత్ర్యము ఇంత స్వల్పకాలికమైనది!

హెచ్-1బి అనుమతిపై ఉన్నవానికి ఈ స్వాతంత్ర్యము మరింత స్వల్పము. ఉద్యోగము పోయిన సాధారణముగ 60 దినములలో మరియొక యజమానిని వెదకుకొనవలెను, లేదా స్థితిని మార్చుకొనవలెను, లేదా దేశము విడువవలెను. 2025 సెప్టెంబరులో క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించు ప్రకటన వెలువడిన పిదప దేశము వెలుపలనుండి మనిషిని రప్పించుటకు యజమానులు వెనుకాడవలసిన స్థితి ఏర్పడినది. ఇట్టివాడు 30 సంవత్సరముల ఋణముపై బాట ప్రక్క ఇల్లు కొనుట ధైర్యమా, తొందరపాటా? ఒకే పెద్ద యజమాని ఉన్న ఊరిలో ఉద్యోగము పోయిన, ఇల్లు అమ్ముటకును కొనువాడు ఆ యజమాని కొలువులోనివాడే కావలెను. పెద్ద నగరములో అందమైన బాట ఉండకపోవచ్చును. కాని రెండవ ఉద్యోగము ఉండును. శాశ్వత నివాసపు పత్రము లేని కుటుంబము అద్దె ఇంటిలోనుండి, సైకిలు మాత్రము సొంతము చేసికొనుట వివేకమని తోచుచున్నది. సైకిలును కారు వెనుక కట్టుకొని మరియొక ఊరు పోవచ్చును గదా!

స్వదేశములోను ఈ గాలి వీచుచున్నది. హైదరాబాదు బాహ్య వలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023 అక్టోబరు 1వ తేదీన ప్రారంభించిరి. నానక్‌రామ్‌గూడనుండి పోలీసు అకాడమీ వరకు ఒక భాగము, నార్సింగినుండి కొల్లూరువరకు మరియొక భాగము. బాటపై సూర్యరశ్మినుండి విద్యుత్తు పుట్టించు పలకలే పైకప్పు; వాని శక్తి 16 మెగావాట్లు. ఎండకు నీడ, నీడనుండి కరెంటు – ఉష్ణదేశమునకు తగిన తెలివైన ఊహ. కాని అదే సంవత్సరము ఆగస్టులో, ఆ బాటకు చేరువనున్న కోకాపేటలో ప్రభుత్వము వేలము వేసిన స్థలము ఎకరము నూరు కోట్ల రూపాయలను దాటెను. అంత ధరపెట్టి కొన్న భూమిపై లేచు మేడలలో నివసించువారికి సైకిలు ఆరోగ్యసాధనము. ఆ మేడలలో పనిచేయు కావలివానికి, వంటమనిషికి అది వాహనము. 2011 జనాభా లెక్కల ప్రకారము వ్యవసాయము, కుటీర పరిశ్రమలు కాక ఇతర వృత్తులలో ఉన్న భారతీయులలో నూటికి 13 మంది పనికి సైకిలుపై పోవుచుండిరి. అమెరికా ఇంకను కలగనుచున్న లెక్కను మన దేశము పేదరికము వలన ఎప్పుడో దాటియుండెను.

250 వాట్లకు, 25 కిలోమీటర్ల వేగమునకు లోబడిన విద్యుత్ సైకిలుకు మన దేశములో రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కరలేదు. ధరయే అడ్డు. మామూలు సైకిలుపై రోజుకు 10 కిలోమీటర్లు త్రొక్కు భవనకార్మికునకు ఆ మోటారు ఎంత ఉపయోగమో, సాగరతీరపు రహదారిపై విశాఖనుండి భీమునిపట్నము వరకు సూర్యోదయము చూచుటకు పోవు ఉద్యోగికి అంత ఉపయోగము కాదు. అయినను ప్రకటనలలోని బొమ్మలో ఉదయపు ఎండ, సముద్రము, శిరస్త్రాణము ధరించిన యువకుడు కనబడుదురు. టిఫిన్ క్యారియరు తగిలించుకొని చీకటితో బయలుదేరు మనిషి కనబడడు. వలయ రహదారి బాటనుండి లోపలి బస్తీలకు, కార్మికుల వాడలకు నీడ గల సందుబాటలు ఎన్ని పడునో, వాని ప్రక్కన అద్దెలు ఎంతకాలము నిలకడగ నుండునో రాబోవు నగర ప్రణాళికలలో చూడవలసియున్నది.